సరస్సులో సాల్మన్... ఎవరు తెచ్చి వేశారు?

ట్రోలింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది మీమ్ పేజీలే. కొత్త సినిమా పోస్టర్ పడగానే కింద కామెంట్లలో మొదలయ్యే రచ్చ. కానీ ఆ మాటకి అసలు అర్థం వేరే. పడవని మెల్లగా నడుపుతూ, వెనకాల నీళ్లలో ఎరల్ని లాక్కుంటూ పోవడాన్ని ట్రోలింగ్ అంటారు. ఎర మెరుస్తూ, తిరుగుతూ పోతుంటుంది. లోపలెక్కడో ఒక చేపకి ఒళ్లు మండి వచ్చి కొరుకుతుంది. ఇంటర్నెట్ ట్రోలింగ్‌కి ఆ పేరు ఇక్కణ్నుంచే వచ్చిందని చాలామంది అంటారు. ఆలోచిస్తే రెండింటికీ పెద్ద తేడా కూడా లేదు లేండి.

జులైలో ఒక వీకెండ్ నలుగురం కలిసి ఆ అసలు ట్రోలింగ్‌కి వెళ్లాం. ఉండేది డెట్రాయిట్ పక్కన. అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. అక్కణ్నుంచి నాలుగ్గంటలు కారులో వెళ్తే లుడింగ్టన్ అనే చిన్న ఊరొస్తుంది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. సరస్సు అన్నానని హుస్సేన్ సాగర్‌ని ఊహించుకోకండి. దీని విస్తీర్ణం దాదాపు 58,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగానికి పైనే. బాగా లోతున్న చోట 281 మీటర్లు. లుడింగ్టన్ ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు. అటువైపున్న విస్కాన్సిన్‌కి 'బ్యాడ్జర్' అనే బొగ్గుతో నడిచే పాత స్టీమర్ కార్లని ఎక్కించుకుని పోతుంది. దానికే నాలుగ్గంటలు పడుతుంది. అలలొస్తాయి, పక్షులుంటాయి, లైట్‌హౌస్ ఉంటుంది. ఉప్పు ఒక్కటే లేదు.

ఇంత నీళ్లలో మేం పట్టడానికి వెళ్లిన సాల్మన్ మాత్రం ఈ సరస్సు చేప కాదు. పసిఫిక్ తీరం నుంచి గుడ్లు తెప్పించి, పిల్లలు చేసి, ప్రభుత్వమే ఇక్కడ వదిలింది. ఎందుకు వదిలిందన్నది చేపల వేట కన్నా పెద్ద కథ. ముందు పడవెక్కుదాం, అది దారిలో చెప్తాను.

తెల్లారకముందే బల్బుల వెలుగులో

ఇక్కడ చార్టర్ బోట్లు అద్దెకి దొరుకుతాయి. కెప్టెన్ ఉంటాడు, సామాన్లన్నీ వాళ్లవే, ఒక బోటుకి ఆరుగురి దాకా ఎక్కించుకుంటారు. మన దగ్గర ఉండాల్సింది ఫిషింగ్ లైసెన్సు ఒక్కటే. దాన్ని ఫోన్లోనే కొనుక్కోవచ్చు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి జెట్టీ దగ్గరికి రమ్మన్నాడు మా కెప్టెన్. అరవై దాటిన మనిషి. మాటలు తక్కువ, కాఫీ ఎక్కువ. అంత పొద్దున్నే ఎందుకంటే, మేం వెళ్లింది చినూక్ కోసం. అవును, మన వాయుసేన హెలికాప్టర్‌కి ఉన్న పేరే. పసిఫిక్ సాల్మన్‌లలో అన్నిటికన్నా పెద్దది ఇదే. మసక వెలుతురులో బాగా తింటుంది. ఎండెక్కాక లోతుకి పోతుంది.

ట్రోలింగ్ అంటే గాలం వేసి కునికిపాట్లు పడడం అనుకున్న మా రూమ్మేట్‌కి మొదటి పది నిమిషాల్లోనే నిద్ర వదిలింది. వెనక భాగమంతా రాడ్లే. బోటుకి రెండు వైపులా డౌన్‌రిగ్గర్లు ఉంటాయి. అంటే చిన్న క్రేన్ లాంటిది. దాని తీగకి దాదాపు ఐదు కిలోల సీసపు గుండు కట్టి ఉంటుంది. మన గాలం దారాన్ని ఆ గుండు దగ్గర ఒక క్లిప్పుకి తగిలించి, కావలసిన లోతుకి దింపుతారు. చేప కొరకగానే దారం క్లిప్పు నుంచి ఊడిపోతుంది. అప్పటిదాకా వంగి ఉన్న రాడ్ ఒక్కసారి నిటారుగా లేచి, మళ్లీ సగానికి వంగిపోతుంది. అప్పుడు బోటులో ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరూ అరుస్తారు.

గుండు కాకుండా ఇంకో పద్ధతి కూడా ఉంది. డైవర్ అని గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం. బోటు లాగుతుంటే అదే లోపలికి దూసుకుపోతూ, పక్కకి కూడా జరుగుతుంది. అందుకే పదీ పన్నెండు గాలాలు ఒకేసారి వేసినా ఒకదానికొకటి చిక్కుపడవు. సంక్రాంతికి ఒక్క డాబా మీద పదిమంది గాలిపటాలెగరేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది ఎంత గొప్ప విషయమో అర్థమవుతుంది.

ఎరలు కూడా తినేవి కాదు. స్పూన్ అంటే నిజంగానే చెంచా తల లాంటి రేకు, వంపు తిరిగి ఉంటుంది. కొన్నిటికి చీకట్లో వెలిగే రంగు పూస్తారు. నీళ్లలో వేసేముందు కెప్టెన్ ప్రతిదానికీ టార్చి లైటు కొట్టి 'చార్జింగ్' పెట్టాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం లెక్కలు. బోటు వేగం గంటకి నాలుగు కిలోమీటర్లు, అంటే మనం నడిచే వేగమే. కానీ పైన నీళ్ల వేగం వేరు, ముప్పై మీటర్ల లోతులో ప్రవాహం వేరు. జీపీఎస్ చూపించే వేగం బోటుది, ఎరది కాదు. అందుకని గుండు దగ్గరే ఒక సెన్సర్ కట్టి, అక్కడి వేగాన్నీ ఉష్ణోగ్రతనీ పైన స్క్రీన్ మీద చూస్తారు. ఉష్ణోగ్రతే అసలు గుట్టు. ఎండాకాలం పైన నీళ్లు వెచ్చగా ఉంటాయి, కిందవి చల్లగా ఉంటాయి. మధ్యలో గీత గీసినట్టు ఒక చోట టక్కున మారుతుంది. చినూక్‌కి ఇష్టమైనది 10 నుంచి 12 డిగ్రీల నీళ్లు. ఆ పొర ఎక్కడుందో దొరికితే సగం పనైపోయినట్టే. రెండ్రోజులుగా తూర్పు గాలి వీచిందట. అది పైనున్న వెచ్చటి నీళ్లని సరస్సు మధ్యకి నెట్టేస్తే, ఆ ఖాళీలోకి కింది చల్లనీళ్లు ఒడ్డు దగ్గరికి ఎగదన్నుకొస్తాయి. "మీ అదృష్టం, ఎక్కువ దూరం పోనక్కర్లేదు" అన్నాడు కెప్టెన్.

మొదటి చేప మలుపులో పడింది. బోటు తిరిగేటప్పుడు బయటివైపు ఎరలు వేగం పుంజుకుంటాయి, లోపలివైపువి నెమ్మదించి కిందికి జారతాయి. వెంట వస్తూ తేల్చుకోలేక ఆగిన చేప ఆ మార్పుకే కొరుకుతుంది. అందుకే ఏమీ పడకపోతే కావాలనే పాములా మెలికలు తిప్పుతారు.

రాడ్ నా చేతికొచ్చింది. రీల్ మీద ఉన్న కౌంటర్ 120 అడుగుల దగ్గర మొదలై, నేను చుట్టాల్సింది పోయి, 300 దాటింది. చేప దారం లాక్కుపోతోంది. ఆపడానికి లేదు, ఆపితే తెగుతుంది. అది అలిసిందాకా ఆగాలి, కాస్త చుట్టాలి, మళ్లీ పోనివ్వాలి. పావుగంట తర్వాత వెండి రంగులో ఒక వెడల్పాటి ఒళ్లు పక్కకి తిరిగింది. కెప్టెన్ వల కింద నుంచి పెట్టి లేపాడు. ఎనిమిది కిలోలు తూగింది. చేతులు వణుకుతుంటే ఫొటో బ్లర్ అయింది. అది వాట్సాప్‌లో చూసి మా అమ్మ అడిగింది ఒక్కటే, "అది వాసనొస్తదా?"

ఒక బగ్గుకి వేసిన ప్యాచ్

చేపని ఐస్‌లో పెట్టేముందు కెప్టెన్ దాని వీపు మీద, తోకకి కాస్త ముందు వేలితో తడిమి చూశాడు. అక్కడ బొటనవేలంత మెత్తటి చిన్న రెక్క ఒకటి ఉంటుంది. "ఉంది. ఇది నదిలో పుట్టిన పిల్ల" అన్నాడు. హ్యాచరీలో పెంచి వదిలే చినూక్ పిల్లలకి ఆ రెక్క కత్తిరించి, ముక్కులో ఒక మిల్లీమీటరు పొడవున్న లోహపు తీగ ముక్క పెడతారట. దాని మీద కోడ్ ఉంటుంది. తర్వాత ఎప్పుడో పట్టుబడితే ఏ ఏడాది, ఎక్కడ వదిలిన పిల్లో తెలిసిపోతుంది. అంటే చేపకి వెర్షన్ నంబరన్నమాట.

మా నాలుగోవాడిది భీమవరం. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. వాడు వెంటనే అడిగిన ప్రశ్న, "అయితే ఈ సరస్సుకి సీడ్ వేస్తారా? ఎంత వేస్తారు?"

ఆ ప్రశ్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

ఈ పెద్ద సరస్సులన్నిటికీ సముద్రంతో సంబంధం ఉన్నా మధ్యలో నయాగరా జలపాతం అడ్డం. కింది చేపలు పైకి రాలేవు. ఓడల కోసం ఆ జలపాతాన్ని తప్పిస్తూ వెల్లండ్ కాలువ తవ్వారు. ఓడలతో పాటు పిలవని చుట్టాలూ వచ్చాయి. మొదట లాంప్రే. పాములా ఉంటుంది, దవడలుండవు. గుండ్రటి నోటితో జలగలా చేపకి అంటుకుని రక్తం పీలుస్తుంది. 1936లో మిషిగన్ సరస్సులో కనపడింది. దానికి తోడు జనం విపరీతంగా పట్టడంతో, 1950లు వచ్చేసరికి ఇక్కడి సొంత పెద్ద చేప లేక్ ట్రౌట్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

పెద్ద చేప పోయాక చిన్న చేపకి అడ్డెవరు? ఏల్‌వైఫ్ అనే వెండి రంగు చిన్న చేప 1949లో ఈ సరస్సుకి చేరింది. ఇది మన పులసకి దూరపు చుట్టం కూడా. తినే చేప లేక లెక్కలేనంతగా పెరిగిపోయింది. 1967 వేసవిలో కుప్పలు తెప్పలుగా చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బీచ్‌ల మీద బుల్‌డోజర్లు పెట్టి ఎత్తాల్సి వచ్చింది. చికాగోలో నీళ్లు తోడే చోట కూడా అడ్డం పడ్డాయి.

దీనికి మందు అంతకుముందే మొదలైంది. 1964లో మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖకి హోవర్డ్ టానర్ అనే ఆయన అధిపతిగా వచ్చాడు. ఇంత మేత ఊరికే పడుంది, దీన్ని తినే చేపని తెద్దాం, అదే చేపని జనం సరదాగా పడతారు అన్నది ఆయన ఆలోచన. ఆరెగాన్ రాష్ట్రం నుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించాడు. 1966 వసంతంలో పిల్లల్ని నదుల్లో వదిలారు. మరుసటి ఏడు చినూక్ వంతు. బయటి నుంచి వచ్చి పడ్డ చేపల గొడవకి, బయటి నుంచి తెచ్చిన ఇంకో చేపే సమాధానం. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి ఫిక్స్ చెప్తే రివ్యూలో ఆరుగురు లేస్తారు. కానీ ఇది పనిచేసింది. ఏల్‌వైఫ్‌లు తగ్గాయి, సాల్మన్‌లు బలిసిపోయాయి, చచ్చుబడ్డ ఊళ్లకి బోట్లూ హోటళ్లూ వచ్చాయి. ప్యాచ్ కాస్తా ప్రోడక్ట్ అయి కూర్చుంది.

మన వనామీ రొయ్య కూడా ఇలాగే పసిఫిక్ అవతలి ఒడ్డు నుంచి వచ్చిందే కదా అన్నాడు భీమవరం. నిజమే. మన దేశంలో 2009లో దానికి అనుమతిచ్చారు. ఇప్పుడు అది లేకుండా వాళ్ల ఊరి ఆర్థికాన్ని ఊహించలేం. కాకపోతే రొయ్యల చెరువుకి గట్టుంటుంది. మేత సంచిలోంచి వేస్తాం. ఇక్కడ మేత సరస్సే వండాలి.

పడవ మార్చిన కెప్టెన్

ఆ వంట ఆగిపోతే ఏమవుతుందో మా కెప్టెన్‌కి పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఈయన మొదట్లో బోటు నడిపింది ఇక్కడ కాదు, మిషిగన్ రాష్ట్రానికి అటుపక్కనున్న హ్యూరాన్ సరస్సులో. 2003, 2004 ప్రాంతాల్లో అక్కడ ఏల్‌వైఫ్ ఒక్కసారిగా కుప్పకూలింది. దాన్నే నమ్ముకున్న చినూక్ కూడా వెంటే పోయింది. కారణం ఒక్కటి కాదు. అప్పటికే క్వాగా అనే గోరంత ఆల్చిప్ప నల్లసముద్రం వైపు నుంచి ఓడల అడుగునుండే బ్యాలస్ట్ నీళ్లలో వచ్చి పరుచుకుంటోంది. ఒక్కో ఆల్చిప్ప రోజుకి లీటరు దాకా నీళ్లు వడకట్టి, అందులోని సన్నటి జీవుల్ని తినేస్తుంది. అవే ఏల్‌వైఫ్‌లకి ఆధారం. ఇంకోపక్క నదుల్లో సాల్మన్‌లు సొంతంగా గుడ్లు పెట్టి లెక్కకి మించి పెరిగాయి. కింద మేత తగ్గింది, పైన తినే నోళ్లు పెరిగాయి.

"ఒక సీజన్‌లో చేపలు సన్నబడ్డాయి. తర్వాతి సీజన్‌లో కస్టమర్లు సన్నబడ్డారు" అన్నాడు కెప్టెన్. జెట్టీలో పక్కనుండే బోట్లు ఒక్కొక్కటీ అమ్ముడుపోయాయట. ఈయన అమ్మకుండా ట్రైలర్ మీద ఎక్కించుకుని లుడింగ్టన్ వచ్చేశాడు. భార్య ఉద్యోగం మాత్రం అక్కడే. కొన్నేళ్లు వారాంతపు కాపురం. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మా మొహాలు చూడలేదు, స్క్రీన్ చూస్తున్నాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏల్‌వైఫ్ పోయాక హ్యూరాన్‌లో అక్కడి సొంత చేపలు లేక్ ట్రౌట్, వాలై మళ్లీ పుంజుకున్నాయి. ఏల్‌వైఫ్ ఒంట్లో విటమిన్ బి1ని విరిచేసే ఎంజైమ్ ఉంటుంది. అదే తిని బతికే ట్రౌట్ పెట్టిన గుడ్లలో పిల్లలు నిలవవు. అంటే సరస్సు వైపు నుంచి చూస్తే అది నష్టమని గట్టిగా అనలేం. కెప్టెన్ వైపు నుంచి చూస్తే మాత్రం ఊరు ఖాళీ అయింది. నాకు రెండూ నిజమే అనిపించాయి.

ఇప్పుడదే ఆల్చిప్ప మిషిగన్ సరస్సు అడుగంతా ఉంది. నీళ్లు అద్దంలా ఉండి ఫొటోలు బాగా వస్తున్నాయంటే కారణం అదే. నీళ్లలో తిండి లేదు కాబట్టి అంత తేటగా ఉన్నాయి. హ్యూరాన్ కథ ఇక్కడ కాకూడదని, ఈ సరస్సు చుట్టూ ఉన్న నాలుగు రాష్ట్రాలు 2013లో వదిలే చినూక్ పిల్లల సంఖ్యని దాదాపు సగానికి తగ్గించాయి. 2016లో ఇంకా తగ్గిస్తామంటే వేటగాళ్లు గొడవ చేశారు. మా పిల్లలు ఏం పట్టుకోవాలి అన్నారు. చివరికి అనుకున్నదాని కన్నా తక్కువ కోతతో సర్దుకున్నారు. సగానికి పైగా చినూక్‌లు ఇప్పుడు నదుల్లో వాటంతట అవే పుడుతున్నాయి కాబట్టి, ప్రభుత్వం చేతిలో ఉన్న ట్యాప్ మిగతా సగానిదే.

"ఇందులో గొడవేముందండీ, చెరువులో మేత లేకపోతే సీడ్ తగ్గించి వేస్తాం. లేకపోతే కౌంట్ పడిపోద్ది" అన్నాడు భీమవరం, ఇంగ్లిషులో కష్టపడి. కెప్టెన్ మొదటిసారి నవ్వాడు. కోత పెట్టాలన్న మీటింగుల్లో ఈయన చెయ్యెత్తాడట. తోటి కెప్టెన్లు కొందరు ఏడాదిపాటు మాట్లాడలేదట.

2021 ఆగస్టులో ఇదే లుడింగ్టన్ దగ్గర 19 ఏళ్ల కుర్రాడు 47.86 పౌన్ల చినూక్ పట్టి, 1978 నాటి రాష్ట్ర రికార్డు బద్దలుకొట్టాడు. దాదాపు 21.7 కిలోలు. ఒక్క చేపని చూపించి సరస్సు బాగుందని అనలేం గానీ, ఆకలితో ఉన్న సరస్సులో అంత చేప ఎదగదు.

మధ్యాహ్నానికి మా బాక్సులో ఏడు చేపలు. నాలుగు చినూక్‌లు, ఒక కోహో, ఒక స్టీల్‌హెడ్, ఒక లేక్ ట్రౌట్. చినూక్‌లలో రెండిటికి వీపు రెక్క ఉంది, రెండిటికి లేదు. లేని రెండిటి తలలూ కోసి, ట్యాగ్ చదివేవాళ్ల కోసం పెట్టిన ఫ్రీజర్లో వేశాం.

ఆదివారం గాలి మారింది

శనివారం రాత్రి కెప్టెన్ మెసేజ్ పెట్టాడు, రేపు వెళ్లడం లేదని. పడమటి గాలి లేచింది. అటువైపు ఒడ్డు నుంచి ఇక్కడిదాకా దాదాపు వంద కిలోమీటర్లు అడ్డేమీ లేని నీళ్లు. గాలికి అలల్ని పెంచడానికి కావలసినంత చోటు. డబ్బులు కట్టాం కదా, కాస్త దూరమైనా పోదామని మా రూమ్మేట్ తిరిగి మెసేజ్ చేశాడు. జవాబుగా ఒక లొకేషన్ వచ్చింది. ప్లాట్ బే. "ఖాళీగా ఉంటారుగా, వెళ్లి చూడండి" అని.

ఉత్తరానికి గంటన్నర డ్రైవ్. ప్లాట్ అనే చిన్న నది సరస్సులో కలిసే చోటు. 1966లో మొదటి కోహో పిల్లల్ని వదిలిన నదుల్లో ఇదొకటి. ఏడాదిన్నర తర్వాత అవి పెద్దవై ఈ బే లోకి తిరిగొచ్చాయి. జనానికి పిచ్చెక్కింది. ఎప్పుడూ చూడనంత చేపలు, అదీ ఒడ్డుకి ఇంత దగ్గర. ఎక్కడెక్కడి నుంచో చిన్న చిన్న పడవలు వందల్లో వచ్చిపడ్డాయి. 1967 సెప్టెంబర్ 23న గాలి హెచ్చరిక ఉన్నా చాలామంది ఆగలేదు. తుఫాను లేచింది. పడవలు ఒడ్డుకి విరుచుకుపడ్డాయి. ఏడుగురు చనిపోయారు.

మేం వెళ్లేసరికి నదిలో పిల్లలు గాలి ట్యూబుల్లో తేలుతూ అరుస్తున్నారు. నది మోకాలి లోతు. వాళ్లు తేలుతూ వచ్చే చివర్లో ఇసుక దిబ్బ, దాని అవతల సరస్సు తెల్లగా విరుగుతోంది. ఒక్క పడవ కూడా లేదు. మా రూమ్మేట్ కాసేపు అలల వీడియో తీసి, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

వెళ్దామనుకునేవాళ్లకి

చినూక్ కావాలంటే జులై, ఆగస్టు. సెప్టెంబర్‌లో అవి గుడ్లు పెట్టడానికి నదులకి చేరతాయి కాబట్టి పియర్ మీద నిలబడి కూడా పట్టొచ్చు. గుడ్లు పెట్టాక ఇవి బతకవు, నదిలోనే పోతాయి. అప్పటికి ఒళ్లు నల్లబడి మాంసం రుచి తగ్గిపోతుంది. గోదారి ఎదురీదేకొద్దీ పులసకి రుచొస్తుందంటారు మనవాళ్లు. ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉంటుంది. పులుసుకి చింతపండు కాస్త ఎక్కువే వెయ్యండి, ఇది నెయ్యి చేప. ముక్క గట్టిగా తిప్పితే విడిపోతుంది, గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని ఊపండి. పెద్ద చేపల కొవ్వులో పాత ఫ్యాక్టరీల రసాయనాలు పేరుకుని ఉంటాయి. అందుకే చర్మం, పొట్ట దగ్గరి కొవ్వు తీసేసి వండమని ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్తుంది. నెలకి ఎన్నిసార్లు తినొచ్చో సరస్సుల వారీగా పట్టిక కూడా పెట్టింది. గర్భిణులు, చిన్నపిల్లలున్న ఇళ్లలో అది చూడకుండా వండొద్దు.

వాంతుల మాత్ర బోటెక్కే గంట ముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే పనిచేయదు. జులై అయినా జాకెట్ కావాలి. గాలి బాగోలేదని కెప్టెన్ అంటే వాదించకండి, ఇంకో తేదీ అడగండి. మాకు ఆగస్టు రెండో శనివారం ఇచ్చాడు. భీమవరం వాళ్ల నాన్నగారు అప్పటికి అమెరికాలోనే ఉంటారు. ఆయన్ని కూడా తీసుకురమ్మని కెప్టెనే అడిగాడు.